పిల్లికి షుగర్, ఇంట్లో సూది: అహింస ముందున్న ప్రశ్న

నడివయసు దాటి ఒళ్లు చేసిన పిల్లుల్లో, అందులోనూ వృషణాలు తీయించిన మగ పిల్లుల్లో, మధుమేహం ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లి అదే పనిగా నీళ్లు తాగుతుంది. లిట్టర్ ట్రే మామూలుకన్నా త్వరగా తడిసి ముద్దవుతుంది. ఆవురావురుమని తింటూనే చిక్కిపోతుంది. కొన్ని పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. నరాలు దెబ్బతింటున్నాయనడానికి అది గుర్తు. ఆసుపత్రికి తీసుకెళ్లిన భయానికే పిల్లి రక్తంలో చక్కెర పెరిగిపోతుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకెతో జబ్బును నిర్ధారించరు. మూత్రంలో చక్కెర ఉందేమో చూస్తారు, గడిచిన రోజుల సగటును తెలిపే ఫ్రక్టోసమీన్ పరీక్ష చేయిస్తారు. మనుషులకు వచ్చే రెండో రకం మధుమేహానికి ఇది దగ్గరి జబ్బు. నోటితో వేసే మందుకు 2022 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చినా, అది అంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా విషయాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లులకే పరిమితం. చాలా పిల్లులకు ఇప్పటికీ ఇన్సులినే దిక్కు. పన్నెండు గంటలకొకటి చొప్పున రోజుకు రెండు సూదులు, ఇంట్లోనే, ఇంటివాళ్ల చేత్తోనే వేయాలి.

రోజుకు రెండంటే ఏడాదికి 730 సూదులు. చక్కెర చూసుకోవడానికి చెవి అంచున పొడిచే పోట్లు వీటికి అదనం. మనిషికైతే ఈ బాధకు అర్థం చెప్పవచ్చు. ఎందుకు పొడుస్తున్నారో, పొడవకపోతే ఏమవుతుందో రోగికి తెలుసు, సరేనన్నది రోగే. పిల్లికి ఏ మాటా చేరదు. రేపటి మేలు కోసం ఇవాళ్టి నొప్పిని ఓర్చుకోవాలన్న బేరం దానితో కుదిరేది కాదు. అన్నం పెట్టే చెయ్యే పొడుస్తోందన్నది మాత్రం దానికి తెలుస్తుంది. అలాంటప్పుడు, ఏ ప్రాణినీ నొప్పించకూడదని నమ్మే ఇల్లు ఈ పని ఏ ధర్మం ప్రకారం చేయగలదు? ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. పిల్లే కదా అని కొట్టిపారేసే జవాబూ, ప్రేమతో చేస్తున్నాం కాబట్టి తప్పు లేదనే జవాబూ రెండూ దాన్ని దాటవేసేవే. ప్రేమ పేరుతో ప్రాణులను హింసించడం లోకంలో కొత్త కాదు.

అహింసను అందరికన్నా కఠినంగా పాటించిన జైనుల దగ్గర ఈ ప్రశ్నకు పదునైన సాధనం ఒకటి ఉంది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో హింసను నిర్వచించేటప్పుడు ప్రాణహానిని ఒక్కదాన్నే చెప్పి ఊరుకోలేదు. ఏమరుపాటుతో కూడిన ప్రవర్తన వల్ల కలిగే ప్రాణహాని హింస అన్నాడు. ఏమరుపాటు అనే ఆ షరతులోనే విషయమంతా ఉంది. దాని మీద జైన వ్యాఖ్యాతలు చేసిన చర్చ సూక్ష్మమైనది. చూసుకుంటూ జాగ్రత్తగా అడుగువేసే ముని కాలికింద పురుగు నలిగితే ఆ మునికి హింసాదోషం అంటదు. చూడకుండా నడిచేవాడి కాలికింద ఏదీ చావకపోయినా దోషం అంటుంది. ఈ లెక్కన ఎదుటి ప్రాణికి నొప్పి కలిగిందా లేదా అన్నది సగం ప్రశ్నే. చేసేవాడి మనసు, కన్ను, చెయ్యి ఎంత మెలకువగా ఉన్నాయన్నది మిగతా సగం.

బౌద్ధంలో ఇదే విషయం మరో దారిలో వస్తుంది. మజ్ఝిమ నికాయంలోని అభయ రాజకుమార సుత్తంలో బుద్ధుడు అభయుడి ఒడిలోని పసివాణ్ని చూపించి, వీడు పుల్లో రాయో నోట్లో వేసుకుంటే ఏం చేస్తావని అడుగుతాడు. తల పట్టుకుని, వేలు వంచి, నెత్తురు వచ్చినా సరే బయటికి తీస్తానంటాడు అభయుడు, వాడి మీద దయ ఉంది కాబట్టి. అక్కడ చర్చ అప్రియమైన మాటను ఎప్పుడు పలకవచ్చన్నదాని మీద. అయినా ఉదాహరణ తనంతట తానుగా నిలబడుతుంది. పసివాడికి పుల్ల ప్రమాదం తెలియదు, వాడి అనుమతి అడిగే వీలూ లేదు. వాడి ఏడుపుకు జంకి చెయ్యి వెనక్కి తీసుకోవడాన్ని ఎవరూ దయ అనరు. ఒక్క తేడా ఉంది. పసివాడు పెద్దయ్యాక సంగతి తెలుసుకుని సంతోషిస్తాడు. పిల్లి ఎన్నటికీ తెలుసుకోదు. అందువల్ల పిల్లి విషయంలో ఈ పనికి సమర్థన తర్వాత వచ్చే కృతజ్ఞతలో దొరకదు. పని జరుగుతున్న తీరులోనే, అప్పటికప్పుడే దొరకాలి.

ఆ తీరు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే మెలకువ అనే మాట ఇక్కడ చాలా కచ్చితమైన పనులుగా మారుతుంది. మొదటిది సిరంజి. మన దేశంలో మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు, నారింజ మూత ఉన్నది 100 యూనిట్లుండే మందుకు. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ సాధారణంగా 100 యూనిట్ల మందు. దాన్ని ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే, గీత ఒక యూనిట్ చూపిస్తున్నా లోపలికి వెళ్లేది రెండున్నర. సాధారణంగా ఒక్క యూనిట్‌తోనో అంతకు తక్కువతోనో మొదలుపెట్టే ప్రాణికి అది ప్రాణాంతకం కావచ్చు. సిరంజిలో ఒక యూనిట్ అంటే కంటికి ఆనీ ఆనని రవ్వంత. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురులోకి తిప్పి, గాలి బుడగ ఉందేమో చూసి, గీత సరిపోయిందో లేదో రెండోసారి సరిచూసుకోవాలి. ఉమాస్వాతి చెప్పిన ఏమరుపాటుకు ఇంట్లో చోటు ఉన్నది ఈ గీత దగ్గరే.

సూది వేయడం అంతకన్నా తేలిక. పిల్లి తింటుండగా పక్కటెముకల వైపు వదులుగా ఉండే చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ మడత మొదట్లో గుచ్చి, మందు వదిలి తీసేస్తారు. సూది చాలా సన్నం; చాలా పిల్లులు తిండి మీద నుంచి తల కూడా ఎత్తవు. చెవి పోటుకు ముందు చెవిని వెచ్చటి గుడ్డతో కాసేపు పట్టుకుంటే నెత్తురు అంచుకు చేరుతుంది. పొడిచిన చోట దూదితో కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. ఈ నొక్కడాన్ని చాలామంది మరిచిపోతారు. దానివల్ల చెవి కమిలి, మర్నాటి పోటు మరింత నొప్పవుతుంది. మనుషుల గ్లూకోమీటర్‌తో చూసినా కుదురుతుంది కానీ పిల్లి నెత్తురులో అది కొంచెం తక్కువ అంకె చూపిస్తుంది. ఆ తేడా డాక్టర్‌కు తెలిసి ఉండాలి.

సూది తప్పిపోవడం కన్నా రెండుసార్లు పడటమే ఎక్కువ ప్రమాదం. సూది చర్మం అవతలివైపు నుంచి బయటికి వచ్చి మందు బొచ్చు మీద పడిందేమోనన్న అనుమానం వస్తే, రెండో మోతాదు వేయకూడదు. వచ్చే సమయం దాకా ఆగాలి. పిల్లి తిండి ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా సూదికి ముందే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. చక్కెర పడిపోతే పిల్లి నీరసంగా పడి ఉంటుంది, తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు తేనో గ్లూకోజు నీళ్లో చిగుళ్లకు రాసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మెలకువ అంటే ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తుండటమే కాదని ఈ నియమాలు చెబుతున్నాయి. చేయకుండా ఆగగలగడం కూడా అందులో భాగమే, ఆత్రంగా సాయపడే చేతులకు అదే కష్టం.

పద్ధతి సరే. అసలు ఈ పని బాధ్యత ఎందుకవుతుంది? వీధిలో తిరిగే ప్రతి పిల్లికీ చక్కెర పరీక్ష చేయించాలని ఏ ధర్మమూ చెప్పదు. ఇంటి పిల్లి విషయంలో మాత్రం చేయకపోవడం తప్పుగా తోస్తుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఇస్లాం సంప్రదాయంలోని ఒక ప్రసిద్ధ హదీసు స్పష్టంగా పట్టుకుంటుంది. ఒక స్త్రీ పిల్లిని కట్టిపడేసింది, అది చచ్చిపోయింది, ఆ పాపానికి ఆమె శిక్ష పొందింది. పిల్లిని ఉంచుకోవడం తప్పని ఆ హదీసు అనదు. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేదు, ఈ రెండూ కలిసినందుకే శిక్ష. దారులన్నీ మూసినవాడే ఒక దారి చూపించాలి. తలుపులు వేసి, వేట మాన్పించి, ఆపరేషన్ చేయించి, గిన్నెలో తిండికి అలవాటు చేసిన ఇల్లు ఆ పిల్లికి మిగతా దారులన్నీ మూసేసినట్టే. ఒక్కోసారి దాని ఊబకాయం కూడా ఆ గిన్నె పుణ్యమే. ఇటీవలి తత్వవేత్తల్లో క్లేర్ పామర్ 2010లో వచ్చిన పుస్తకంలో ఇదే వాదనను మతంతో సంబంధం లేకుండా నిర్మించింది: జంతువుల సామర్థ్యం ఒక్కటే మన బాధ్యతను నిర్ణయించదు; వాటిని మన మీద ఆధారపడేలా చేసింది మనమే అయినప్పుడు సాయపడే బాధ్యత గట్టిపడుతుంది.

మహాభారతంలో ధర్మరాజు కుక్క కథ తెలుగువారికి చెప్పనక్కర్లేదు. కానీ మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడికీ ధర్మరాజుకీ జరిగిన వాదంలో ఒక మెలిక మీద తగినంత శ్రద్ధ పెట్టరు. తమ్ముళ్లనూ ద్రౌపదినీ దారిలో వదిలి వచ్చినవాడివి, కుక్కను వదలలేవా అని ఇంద్రుడు నిలదీస్తాడు. వాళ్లు చనిపోయాకే వదిలాను, బతికుండగా కాదంటాడు ధర్మరాజు. చనిపోయినవాళ్లకు చేయగలిగింది ఏమీ లేదు. నమ్మి వెంట వచ్చిన ప్రాణి ఇంకా బతికి ఉంది, దానికి చేయగలిగింది ఉంది. చేయగలిగింది ఉన్నంతవరకు వదలకూడదన్న ఈ గీత జబ్బుపడిన పెంపుడు ప్రాణి విషయంలో చాలా పనికివస్తుంది. మన చట్టంలోనూ దీని ఛాయ ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మూడో సెక్షన్, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లు దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలనీ, దానికి అనవసరమైన బాధ కలగకుండా చూడాలనీ చెబుతుంది. అనవసరమైన అన్న విశేషణం లేకపోతే ఏ చికిత్సకూ వీలుండేది కాదు.

శ్రీవైష్ణవంలో శరణాగతి గురించి నడిచిన వాదంలో పిల్లి ప్రస్తావన రావడం కాకతాళీయం కాదు. కోతిపిల్ల తల్లిని పట్టుకుని వేలాడుతుంది, పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు, తల్లే దాన్ని మెడ దగ్గర కరిచి పట్టుకుని తీసుకుపోతుంది. దైవకృపకు రెండో పోలికే సరైనదన్నారు తెంగలై శాఖవారు. ఈ మార్జాల న్యాయాన్ని ఎప్పుడూ కూన వైపు నుంచే వింటాం, భక్తుడి స్థానం అదే కాబట్టి. తల్లి వైపు నుంచి చూస్తే అందులో భారం కనిపిస్తుంది. కూన ఏమీ చేయనక్కర్లేదంటే అర్థం, తల్లి పళ్లు ఎంత గట్టిగా పట్టాలో ఎంత మెత్తగా ఉండాలో మొత్తం తల్లే తెలుసుకోవాలని.

ఇక కర్మ గురించి. జబ్బు దాని పూర్వకర్మ, అడ్డుపడటానికి మనమెవరం అనే మాట కొన్ని ఇళ్లలో నిజమైన నమ్మకంతోనే వినిపిస్తుంది. దీనికి జవాబు మన వైద్యశాస్త్రంలోనే ఎప్పుడో ఉంది. చరక సంహిత విమాన స్థానం మూడో అధ్యాయంలో శిష్యుడు అగ్నివేశుడు ఆయువు ముందే నిర్ణయమైపోయిందా అని అడిగితే, దైవమూ పురుష ప్రయత్నమూ రెండూ కలిసే ఆయువును నిర్ణయిస్తాయని గురువు ఆత్రేయుడు బోధిస్తాడు. అంతా ముందే రాసి ఉంటే ఔషధాలతో పనే ఉండేది కాదన్నది అక్కడి వాదం. పైగా పిల్లి కర్మ పిల్లిది అయితే, చూస్తూ ఊరుకోవడం ఇంటివాళ్ల కర్మ అవుతుంది. దాని గురించి ఈ మాట అనేవాళ్లు ఆలోచించరు.

ఇంతకన్నా గట్టి చిక్కు తిండి దగ్గర వస్తుంది. పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్, అరాకిడోనిక్ ఆమ్లం, తయారుగా ఉన్న ఎ విటమిన్ దానికి జంతు పదార్థం నుంచే అందాలి. మధుమేహం వస్తే ఈ అవసరం ఇంకా పెరుగుతుంది: మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉన్న తిండి చక్కెర అదుపులోకి రావడానికి సాయపడుతుంది. మొదట్లోనే గట్టిగా పట్టించుకుంటే కొన్ని పిల్లుల్లో ఇన్సులిన్ అవసరమే తప్పిపోతుంది. తెలుగు ఇళ్లలో పిల్లికి ప్రేమగా కలిపి పెట్టే పెరుగన్నం, పాలన్నం ఈ జబ్బుకు సరిగ్గా పనికిరానివి. ఎండు గుళికల తిండిలోనూ చాలావాటిలో పిండిపదార్థం ఎక్కువే. శాకాహారం ధర్మంగా పాటించే ఇంటికి ఇది నిజమైన సంకటం. ఒక ప్రాణిని నిలపడానికి రోజూ కోడినో చేపనో వంటింట్లోకి తేవాలి.

ఈ సంకటాన్ని దాచకుండా చెప్పినవాడు ఆల్బర్ట్ ష్వైట్జర్. గాబన్‌లోని లాంబరెనేలో ఆసుపత్రి నడిపిన ఈ వైద్యుడు ప్రాణం పట్ల పూజ్యభావమే నీతికి మూలమని బోధించాడు. చేపలు తినే ఒక గద్ద పిల్లను క్రూరుల చేతుల నుంచి కొని కాపాడాడు. కాపాడాక దాన్ని ఆకలితో చావనివ్వాలా, దాని కోసం రోజూ చిన్న చేపలను చంపాలా అన్న ప్రశ్న ఎదురైంది. చంపడానికే నిశ్చయించుకున్నాడు, కానీ ఒక ప్రాణం కోసం మరో ప్రాణం తన బాధ్యత మీద పోతోందన్న బరువు రోజూ మోశానని 1931లో వెలువడిన ఆత్మకథలో రాశాడు. ఢిల్లీలో ఎర్రకోట ఎదుట జైన మందిరంలో నడిచే పక్షుల ఆసుపత్రి మరో దారి ఎంచుకుంది. మాంసం తినే పక్షులకూ వైద్యం చేస్తుంది కానీ లోపల ఉంచుకోదు, చూసి పంపేస్తుంది. సంస్థకు ఆ దారి కుదురుతుంది, ఎందుకంటే ఆ పక్షి దాని ఆశ్రితం కాదు. ఇప్పటికే ఇంట్లో పెరుగుతున్న పిల్లిని అలా పంపేయడానికి చోటు లేదు. దానికి పెరుగన్నమే పెడతామని పట్టుబట్టడం అహింస పేరుతో దాన్ని మెల్లగా చంపడమే అవుతుంది. మాంసం తాకలేని ఇళ్లకు డబ్బాల్లో దొరికే తడి ఆహారం కొంత ఊరట, కానీ అది కూడా మాంసమే. ష్వైట్జర్ చేసినట్టు బరువును ఒప్పుకుని మోయడం తప్ప ఇందులో చేతులు కడుక్కునే మార్గం లేదు.

ఇన్సులిన్ వెనక కూడా అలాంటి రుణమే ఉంది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమగ్రంథిని తీసేస్తేనే దానికీ మధుమేహానికీ ఉన్న సంబంధం తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసిందీ కుక్కల మీద ప్రయోగాలతోనే. తర్వాత ఆరు దశాబ్దాల పాటు ఆ మందు కబేళాల నుంచి వచ్చిన ఆవుల, పందుల క్లోమాల నుంచే తయారైంది. సూక్ష్మజీవులతో తయారుచేసిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అనుమతి వచ్చాక ఈ పరిస్థితి మారింది. ఇవాళ గ్లార్జిన్ వయల్‌లో కబేళా భాగం లేదు. విచిత్రమేమంటే పిల్లి ఇన్సులిన్‌కు అన్నిటికన్నా దగ్గరిది ఆవుదే. రెండింటికీ ఒక్క అమైనో ఆమ్లమే తేడా, మనిషిదానితో నాలుగు. జంతువుల ప్రాణాలతో దొరికిన మందు మళ్లీ ఒక జంతువుకు చేరడం పాత రుణాన్ని తీర్చదు గానీ, ఆ మందు మనిషి సొత్తు మాత్రమే కాదని గుర్తుచేస్తుంది.

బాధ్యతకు హద్దు ఉందా? ఉంది. పిల్లి మేలు గ్లూకోమీటర్ మీద కనిపించే అంకె కాదు. అది తినడం, ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకోవడం, ఎండలో సాగిలపడటం, మనిషి దగ్గరికి తనంతట తాను రావడం. వీటిని చెడగొట్టి సాధించిన చక్కటి అంకెకు విలువ లేదు. చెవి పట్టుకోబోతే మంచం కిందికి పారిపోయే పిల్లికి గంటగంటకూ చెవి పొడవడం కన్నా, దాహం, బరువు, మూత్రం గమనిస్తూ డాక్టర్ సలహాతో కొంచెం ఎక్కువ చక్కెరకు సర్దుకోవడం మేలు. ఇంటివాళ్లకూ హద్దులుంటాయి. ఊరెళ్లాలంటే సూది వేసే మనిషి కావాలి, మందులకూ స్ట్రిప్పులకూ నెలనెలా ఖర్చుంటుంది. ఆ భారం మోయలేని ఇల్లు పాపం చేసినట్టు కాదు. మోయగల ఇంకో ఇల్లు వెతకడం, ధర తక్కువ మందు అడగడం, తిండి మార్చడం, ఇవన్నీ అయ్యాకే ఆ మాట అనాలి.

చికిత్స మానడం, ప్రాణం తీయించడం అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. ఇక్కడ 1928లో సబర్మతి ఆశ్రమంలో జరిగింది ఆలోచించదగ్గది. బాధతో గిలగిలలాడుతున్న ఒక దూడకు వైద్యుడి చేత సూది వేయించి గాంధీ మరణం ఇప్పించాడు. అహింసావాదులు మండిపడ్డారు. గాంధీ తన పత్రికల్లో తన పనిని సమర్థించుకుంటూ రాశాడు. ఆయన ఆ నిర్ణయానికి వచ్చింది దూడ కోలుకునే ఆశ పూర్తిగా పోయాక, దాని బాధను తగ్గించే మార్గం ఇంకేదీ మిగలలేదని తేలాక. మధుమేహం ఉందని కొత్తగా తెలిసిన పిల్లికి ఆ దూడ ఉదాహరణ వర్తించదు, ఎందుకంటే దీనికి మందు ఉంది, ఆ మందుతో ఏళ్ల తరబడి హాయిగా బతికిన పిల్లులున్నాయి. మధుమేహం అదుపు తప్పి రక్తంలో కీటోన్లు పెరిగి వాంతులతో పడిపోయిన పిల్లి కూడా సమయానికి ఆసుపత్రి చేరితే చాలాసార్లు కోలుకుంటుంది. మూత్రపిండాలు పాడై, తిండి మానేసి, మందు పనిచేయని దశకు వచ్చి, నొప్పి తప్ప ఏమీ మిగలని పిల్లి విషయంలో మాత్రం గాంధీ పెట్టుకున్న రెండు ప్రశ్నలే అడగాలి: కోలుకునే ఆశ ఏమైనా ఉందా, ఈ బాధను ఇంకెలాగైనా తగ్గించగలమా. ఆ జవాబులు పశువైద్యుడితో కలిసి, ఇంట్లో సూది వేస్తూ వచ్చినవాళ్లే చెప్పాలి. ఆ పిల్లి మంచి రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు వాళ్లే.